గడ్డం సబ్బు

రాజమల్లు మూతికి కట్టిన మాస్కు పక్కనుంచి గాలి బుస్సుమని పోతూనే ఉంది. పొద్దున ఆరింటి నుంచి అదే చప్పుడు. మిషన్ తోసిన గాలి ఆయన రొమ్ములోకి పోకుండా, చెంపల మీది గడ్డం సందుల్లోంచి బయటికి జారుకుంటోంది. ఆయన భార్య కట్టమ్మ రెండు చేతులతో మాస్కును అదిమి పట్టుకుని మంచం పక్కనే నిలబడింది. చేతులు తిమ్మిరెక్కాయి. తెర మీది ఆక్సిజన్ అంకె మాత్రం ఎనభై రెండు దాటలేదు.

నర్సు శ్రావణి వచ్చి పట్టీలు బిగించి చూసింది, వదులు చేసి చూసింది. చివరికి విసుగ్గా తల ఊపింది.

"అమ్మా, గడ్డం తియ్యకుంటే ఇది ఆగది. వార్డుల గడ్డాలు గీసేటాయన ఇయ్యాల రాలే. నువ్వే గియ్యాలె."

"నేనా బిడ్డా? నేనెన్నడు గియ్యలే."

"నేనున్న గదా, ఫికర్ చెయ్యకు. మెల్లగ గియ్యి. తెగిందనుకో, దాని మీద మాస్కు ఒత్తుకొని పుండైతది." గోడ గడియారం వైపు చూసి గొంతు తగ్గించింది. "పన్నెండింటికి డాక్టర్ సారు వస్తడు. అప్పటికి ఎనభై ఎనిమిది రాకపోతే గొంతుల పైపు వెయ్యాలంటాండు."

ఎనుమాముల మార్కెట్‌లో రాజమల్లుతో పాటు ముప్పై ఏండ్లు మిర్చి బస్తాలు మోసిన కుమారస్వామికి పోయినేడు అదే పైపు వేశారు. పైపు వేసేముందు ఆయన పెండ్లానికి ఏదో చెప్పబోయాడట. మనిషి మళ్ళీ లేవలేదు, ఆ మాట ఏమిటో ఆమెకు ఇప్పటికీ తెలియదు. మిర్చి ఘాటు ఇద్దరి ఊపిరితిత్తులనూ ఒక్క తీరుగానే తిన్నది. కుమారస్వామిది ముందు తిన్నది, అంతే తేడా.

రాజమల్లు గడ్డం పెంచుకునే మనిషి కాదు. మూడు వారాలుగా చెయ్యి పైకెత్తితే చాలు ఆయాసం. "రేపు గీసుకుంట తియ్యి" అంటూ అంటూ ఇక్కడిదాకా వచ్చాడు.

గడియారం పదింబావు చూపిస్తోంది. కట్టమ్మ దవాఖాన మెట్లు దిగి ఎదురుగా ఉన్న కిరాణా కొట్టుకు ఉరికింది.

"సేటూ, గడ్డం గీసుకునేటి సామాను జల్ది ఇయ్యి."

కొట్టు రమాకాంత్ రేజరు, బ్రష్షు తీసి బల్ల మీద పెట్టాడు. వాటి పక్కన ఒక ట్యూబు, ఒక గుండ్రటి సబ్బు డబ్బా పెట్టాడు. "క్రీమా, సబ్బా అక్కా?"

"ఏది మంచిది?"

"క్రీమైతే సప్పున అయితది. ఇంత ముట్టిస్తే నురగే నురగ. సబ్బును గిలక్కొట్టుకుంట కూసోవాలె. ఇప్పుడు ముసలోళ్లు తప్ప ఎవ్వలు కొంటలేరు." నవ్వుతూ, "ఏంది, బావను మల్ల పెండ్లికొడుకును చేస్తాన్నవా?" అన్నాడు.

కట్టమ్మ చేతిలో నలిగిపోయిన దవాఖాన చిట్టీ చూసి రమాకాంత్ నవ్వు ఆపేశాడు.

రాజమల్లు పుట్టి బుద్ధెరిగి సబ్బే వాడాడు. గడప మీద కూర్చుని, గిన్నెలో బ్రష్షు తిప్పుతూ తిప్పుతూ ఉండేవాడు. "నువ్వు నురగ తీసేసరికి పొద్దు గూకుతది" అని తాను ఎన్నిసార్లు దెప్పిందో. అంత పొద్దు ఇప్పుడెక్కడిది? రేజరు, బ్రష్షు, ట్యూబు పట్టుకుని వెనక్కి ఉరికింది.

శ్రావణి ఆయన ముక్కుకు సన్న ఆక్సిజన్ పైపు తగిలించి మాస్కు తీసింది. "అంకె డెబ్బై ఎనిమిదికి దిగంగనే మల్ల పెడ్త. అంతల ఎంతయితే అంత గియ్యి."

కట్టమ్మ క్రీము చేతిలోకి పిండుకుని, తడి చేసి చెంపకు పూసింది. రమాకాంత్ చెప్పినట్టే చిటికెలో నురగ వచ్చింది. నురగతో పాటు వాసనా వచ్చింది. జలుబు మందు డబ్బా మూత తీసినట్టు చల్లగా, ఘాటుగా ముక్కుకు కొట్టింది. ఇంట్లో ఊదుబత్తి వెలిగిస్తేనే రాజమల్లుకు ఊపిరాడదు. ఆ సంగతి ఎరిగిన మనిషి కట్టమ్మే. ఆ ట్యూబు ఏరుకున్నదీ కట్టమ్మే.

రాజమల్లు దగ్గడం మొదలుపెట్టాడు. దగ్గుకూ దగ్గుకూ నడుమ ఊపిరి అందక కండ్లు తేలేశాడు. మిషన్ కూత పెట్టింది. డెబ్బై నాలుగు. డెబ్బై ఒకటి.

"తుడువమ్మా, తుడువు!"

కట్టమ్మ కొంగు తడిపి మూతి, మెడ, చెవుల వెనక తుడిచింది. శ్రావణి మాస్కు పెట్టి రెండు చేతులతో అదిమింది. అంకె ఒక్కొక్క మెట్టే ఎక్కుతూ ఎనభైకి వచ్చేసరికి పదకొండు కావస్తోంది. గీసింది మాత్రం ఒక్క వెంట్రుక కూడా లేదు.

'నా చేతులారా సంపుకుంటుంటి' అనుకుంటూనే కట్టమ్మ మళ్ళీ మెట్లు దిగింది. ఈసారి కొట్టు దగ్గర సబ్బు డబ్బా తానే అందుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. సన్నగా గంధం వాసన. పెండ్లయిన నాటి నుంచి ఆయన మెడ దగ్గర ఎరిగిన వాసనే.

"క్రీము పడలేదా అక్కా?"

"పానం మీదికొచ్చింది సేటూ."

రమాకాంత్ తన ఫ్లాస్కులోంచి వేడినీళ్లు ఒక గ్లాసులో పోసిచ్చాడు. "గోరువెచ్చగ చేసుకో. బ్రష్షు బాగ పిండి సబ్బు మీద తిప్పు. నీళ్లెక్కువైతే నురగ కారిపోతది, తక్కువైతే ఎండిపోతది."

వార్డు బయట వరండాలో నల్లా పక్కన గొంతుక్కూర్చుని కట్టమ్మ నురగ తీసింది. మాస్కు తీసి మంచం దగ్గర గిలక్కొడితేనే కదా ఆయన ఊపిరిలోంచి పొద్దు పోయేది. ఇక్కడ ఎంతసేపు తిప్పినా ఆయన మూతికి మాస్కు ఉండనే ఉంటుంది. ఈ మాట ముందే తట్టనందుకు తనను తాను తిట్టుకుంటూ తిప్పింది. నురగ పెరుగు మీగడలా చిక్కబడ్డాక లేచింది.

శ్రావణి మాస్కు తీసింది. కుడి చెంపకు నురగ. ఆయన దగ్గలేదు. రేజరు కిందికి లాగితే సర్రుమంది. మూడుసార్లు లాగేసరికి "చాలు" అని శ్రావణి మాస్కు పెట్టేసింది. అంకె మళ్ళీ ఎక్కేదాకా ఆగాలి. ఈలోపల సబ్బు డబ్బాలో నురగ చల్లబడి విరిగింది. కట్టమ్మ వరండాకు ఉరికి మళ్ళీ తిప్పింది. ఎడమ చెంప. మళ్ళీ వరండా. గదుమ. గదుమ కింద చర్మం వదులుగా ఉండి రేజరుకు తెగేలా ఉంది. శ్రావణి రెండు వేళ్లతో లాగి పట్టింది.

పన్నెండుకు పావు తక్కువ. మాస్కు పెట్టారు. చెంపల పక్క చప్పుడు లేదు. ముక్కు కింద ఇంకా బుస్సుమంటూనే ఉంది. ఎనభై నాలుగు.

"మీసం కూడ తియ్యాలె" అంది శ్రావణి.

కట్టమ్మ చెయ్యి ఆగిపోయింది. రాజమల్లు మీసం తీసింది జన్మలో ఒక్కసారే, తనను కన్న అవ్వ పోయిన పదోనాడు. ఇంట్లో సావు లేకుండా మొగోడు మీసం తియ్యడు. అందులోనూ పెండ్లాం చేత్తో!

ఆయనకూ వినబడింది. బలం లేని చెయ్యి పైకి లేచి కట్టమ్మ మణికట్టు పట్టుకుంది. వద్దని తల అటూ ఇటూ ఊపాడు. ఊపినకొద్దీ గాలి ఇంకా లీకయింది. ఎనభై రెండు.

"చెయ్యిడువయ్యా."

విడవలేదు.

"నా మొకం సూడు. నాకేమన్న సరదానా? మీసం నెలకు మల్లొస్తది. నువ్వొస్తవా?"

ఆయన కండ్లు ఆమె మీదే ఉన్నాయి. కాసేపటికి కండ్లు మూసుకున్నాడు. వేళ్లు మణికట్టు మీదే ఉన్నాయి కానీ, పట్టు లేదు. ఆ చేతిని అట్లాగే మోస్తూ కట్టమ్మ ముక్కు కింద నురగ పెట్టింది. శ్వాస తగిలి నురగ వణికింది. రేజరు పెట్టేముందు సమ్మక్క తల్లిని తలుచుకుంది గానీ, ఏం మొక్కుకోవాలో నోటికి రాలేదు. కుడివైపు ఒక లాగు. ఎడమవైపు రెండు. పెదవి పక్కన చిన్న గాటు పడి ఎర్రగా చుక్క తేలింది. శ్రావణి దూదితో అద్ది, మాస్కు పెట్టి పట్టీలు బిగించింది.

బుస్సుమనే చప్పుడు ఆగింది.

ముగ్గురూ తెర వైపే చూశారు. ఎనభై మూడు. ఎనభై ఐదు. అక్కడ చాలాసేపు ఆగింది. డాక్టర్ తలుపు తోసుకుని వచ్చేసరికి ఎనభై ఏడు. ఆయన మంచం కాళ్ల దగ్గర నిలబడి, కాగితం తిరగేసి, మళ్ళీ తెర చూశాడు. ఎనభై ఎనిమిది.

"పైపు ఇప్పుడే వద్దు. సాయంత్రం దాకా చూద్దాం," అన్నాడు. "రోజూ గియ్యాలమ్మా. ఒక్కరోజు పెరిగినా లీకయితది."

కట్టమ్మ తల ఊపింది. సబ్బు డబ్బా మూత బిగించి దిండు పక్కన పెట్టింది.

మధ్యాహ్నం పక్క మంచానికి కొత్త రోగిని తెచ్చారు. వెంట వచ్చిన ముసలామె బక్కమ్మ సంచి కింద పెట్టి, స్టూలు మీద కూర్చుని, అద్దంలాంటి మాస్కులోంచి రాజమల్లు బోసి మూతిని తేరిపార చూసింది.

"అయ్యో, మీ ఇంట్ల ఎవలు పోయిండ్రు బిడ్డా?"

"ఎవ్వలు పోలే అవ్వా. పోవద్దనే తీసిన."

బక్కమ్మకు అర్థం కాలేదు. అయినా జరిగి, కూర్చోమని స్టూలు మీద సగం చోటిచ్చింది. కట్టమ్మ కూర్చుని, ఆయన చెయ్యి ఒళ్లో పెట్టుకుని, తెర మీది అంకె చూస్తూ ఉండిపోయింది.