వెనక అట్టమీది తేదీలు

బర్మాలోని మౌల్మీన్‌లో పుస్తకాలు అద్దెకిచ్చే కొట్టు నాది. నాన్న పెట్టాడు, ఇప్పుడు నేను నడుపుతున్నాను. మా ఊళ్ళో నవలలు కొనుక్కునేవాళ్ళు తక్కువ, అద్దెకు తీసుకుని చదివేవాళ్ళే అందరూ. ప్రతి పుస్తకానికీ వెనక అట్ట లోపల ఒక కాగితం అంటిస్తాం. పుస్తకం బయటికి వెళ్ళినప్పుడల్లా దానిమీద తేదీ ముద్ర పడుతుంది. వచ్చినవాళ్ళు మొదటి పేజీ చూడరు, నేరుగా వెనక్కి తిప్పుతారు. కాగితం నిండుగా ఉంటే చంకలో పెట్టుకుంటారు, ఖాళీగా ఉంటే అక్కడే వదిలేస్తారు. చేప కొనేటప్పుడు మొప్ప ఎత్తి చూసుకునే మనుషులే, పుస్తకం దగ్గరికొచ్చేసరికి పక్కవాడి ముఖం చూస్తారు. అది చూస్తే నాకు ఒళ్ళు మండేది.

తున్ యిన్‌గారు బళ్ళో నాకు పాఠాలు చెప్పిన మేష్టారు. మేష్టార్ని మేము సయా అంటాం. ఉద్యోగం అయిపోయాక ఆయన ఒక నవల రాశారు. ఉప్పుమళ్ళలో పనిచేసే విధవరాలి కథ అది. రంగూన్‌లో ఒకాయన అచ్చు వేశాడు. రెండో నవల కూడా వేస్తానన్నాడు గానీ, అద్దెకొట్లవాళ్ళు మొదటిదాన్ని మళ్ళీ అడిగితేనే అని మెలిక పెట్టాడు. సయాకి డెబ్బై ఒకటి. ఈ రెండోది బయటికి రాకపోతే ఇక ఆయన కలం పట్టరని ఆయన భార్య నాతో చెప్పింది.

ఆ నవల కొట్టుకి వచ్చిన రోజే చదివాను. ఏప్రిల్ ఆఖరు, మా నీళ్ళపండగ అయిన పదిరోజులకి. అందులో ఒకచోట అకాలంగా వాన మొదలవుతుంది. ఆ విధవరాలు గొడుగు తను వేసుకోదు, మడిలో కుప్ప పోసిన ఉప్పు మీద పట్టుకుని తడుస్తూ నిలబడుతుంది. అక్కడ పుస్తకం మూసేసి ఏడ్చాను. తరవాత ఇంకో రెండుసార్లు చదివాను. కానీ కొట్టువాళ్ళు చదివితే ముద్ర వెయ్యకూడదు. అది నాన్న పెట్టిన పద్ధతి.

సయా వారానికోసారి వచ్చేవారు. ఏదో పుస్తకం వెతుకుతున్నట్టు నటించి, తన పుస్తకం తీసి వెనక్కి తిప్పి చూసుకునేవారు. మూడు నెలలు గడిచినా ఒకటే ముద్ర. అది ఆయన భార్య తీసుకెళ్ళిన రోజుది. ఆయన పుస్తకాన్ని మళ్ళీ అరలో పెట్టే తీరు నేను చూడలేకపోయేదాన్ని.

ఆగస్టులో ఒకరోజు వాన దంచికొడుతోంది. కొట్లో ఎవరూ లేరు. ముద్ర తీసుకుని తేదీల చక్రాలు వెనక్కి తిప్పుకుంటూ, గడిచిన మూడు నెలల్లోంచి పద్నాలుగు తేదీలు ఏరి కొట్టాను. అనుమానం రాకుండా రెండు వంకరగా, ఒకటి సిరా చాలనట్టుగా కూడా కొట్టాను. తప్పు చేస్తున్నానని ఆ పూట నాకు అనిపించలేదు. నా తెలివికి నాకే ముచ్చటేసింది.

వారం తిరక్కుండా దర్జీ ఖిన్ మే తీసుకెళ్ళింది. ఆమె చెబితే ఇంకొకామె. అక్టోబరు పున్నమికి కాగితం నిండిపోయి, పైన రెండోది అంటించాల్సి వచ్చింది. ఊళ్ళోని మిగతా రెండు అద్దెకొట్లవాళ్ళూ ప్రతులు కావాలని రంగూన్‌కి రాశారు. ముప్ఫయ్యో పేజీకల్లా నిద్ర ముంచుకొచ్చిందని ఖిన్ మే ఒప్పుకుంది. ఇంతమంది చదివారంటే మంచిదే అయ్యుంటుందని పట్టుపట్టి పూర్తిచేసిందట. కిళ్ళీలమ్మే మ్యా టిన్ మాత్రం మూడురోజులు పుస్తకం తిరిగివ్వలేదు. నాలుగోరోజు వాచిన కళ్ళతో వచ్చి, వాళ్ళమ్మ కూడా ఎండబెట్టిన చేపల మీద గొడుగు అలాగే పట్టేదని చెప్పింది. ఈ ఇద్దరిలో ఎవరు ఆ నవల పాఠకులో నాకు తేల్చుకోవడం కష్టమైంది. ఇద్దర్నీ లోపలికి పిలిచింది మాత్రం నా దొంగ ముద్రలే.

రెండో నవల పంపమని రంగూన్‌నుంచి ఉత్తరం వచ్చింది. ఆ మర్నాడే సయా రాతప్రతిని గుడ్డలో చుట్టుకుని వచ్చారు. పంపేముందు నేను చదవాలన్నారు. ఆ మాటకి నా కళ్ళు చెమర్చాయి. కట్ట నా ఒళ్ళో పెట్టి, ఆయన మొదటి నవల చేతిలోకి తీసుకుని, కళ్ళజోడు సవరించుకుని, పై కాగితం ఎత్తి తేదీలు ఒక్కొక్కటీ వేలుపెట్టి చదువుకోసాగారు. ఒకచోట వేలు ఆగింది.

"అమ్మాయ్, ఈ ఏడు వర్షావాసం మొదలైన పున్నమి ఎప్పుడు?"

గోడమీద కాలెండర్ ఉంది. చూడకుండానే నాకు తెలిసిపోయింది. భిక్షువులు వానాకాలం దీక్ష పట్టే ఆ పున్నమికి మా ఊళ్ళో కొట్టన్నది తెరవరు. నేను చక్రం తిప్పేటప్పుడు అంకెలు చూసుకున్నానే గాని, తిథులు చూసుకోలేదు.

"ఆ రోజు నువ్వు పగోడా దగ్గరున్నావు కదూ. నా చెప్పులు కనపడకపోతే నువ్వే వెతికిచ్చావు," అన్నారు.

బల్లమీది ముద్రని సొరుగులోకి తోసేశాను.

"ఎన్ని కొట్టావ్?"

"పద్నాలుగు."

"మిగతావి?"

"నిజమైనవే, సయా. ఒట్టు."

"వీటిని చూసేగా అవి వచ్చింది."

నా దగ్గర చెప్పుకోదగ్గ మాట ఒక్కటే ఉంది, అదే చెప్పాను. "ఒక్క ముద్రా లేనప్పుడే నేను చదివాను, సయా. మూడుసార్లు. నాకు నిజంగా నచ్చింది."

ఆయన కోప్పడలేదు. కోప్పడి ఉంటే బతికిపోయేదాన్ని.

"పద్నాలుగు ముద్రలు కొట్టగలిగినదానివి, ఒక మంచి మాట చెప్పడం నీకెంతసేపు, తల్లీ," అన్నారు.

వంగి, నా ఒళ్ళోంచి కట్ట తీసుకున్నారు. అప్పటికి నేను ముడి కూడా విప్పలేదు. "ఇదీ బాగుందనే అంటావు," అని గొడుగు విప్పుకుని వెళ్ళిపోయారు.

రాతప్రతి రంగూన్‌కి వెళ్ళలేదు. బియ్యపు డబ్బా మీద పెట్టారని, ఎవర్నీ ముట్టుకోనివ్వడంలేదని ఆయన భార్య బజార్లో చెప్పింది. నేను రెండుసార్లు వాళ్ళింటికి వెళ్ళాను. పడుకున్నారంది. మా ఊరందర్లోకీ ఆయన నవలని ఎవరూ చెప్పకుండా ప్రేమించింది నేనొక్కదాన్నే. ఆయన ఇక ఎప్పటికీ నమ్మని మనిషీ నేనే.

కొట్టుకొచ్చి పాత కాగితాలు రెండూ నీళ్ళతో నానబెట్టి ఊడదీశాను. నిజమైన తేదీలు కూడా వాటితోపాటే పోయాయి. కొత్త కాగితం అంటించి, నాన్న పద్ధతి పక్కనపెట్టి, ఏప్రిల్ ఆఖర్లో నేను చదివిన రోజు తేదీ ఒక్కటి కొట్టాను. దాని మీద ఎవరు ఒట్టేయమన్నా వేస్తాను.

మొన్న కాలేజీ పిల్ల ఒకతె వచ్చి ఆ పుస్తకం తీసింది. వెనక్కి తిప్పింది.

"ఇది బాగుంటుందా అక్కా?"

"చాలా బాగుంటుంది."

"మరి ఒక్కళ్ళే చదివారేం?"

నేను నోరు తెరిచేలోగా పుస్తకం అరలో పెట్టేసి, దాని పక్కది తీసి వెనక్కి తిప్పి చూసుకుంటోంది.