బాలింత నూనె కాచిన మూకుడు

అయినా నా మాట ఎవరికి కావాలి? సుగుణ జుట్టు గురించి వీధిలో ప్రతివాళ్ళూ ఒక మాట అన్నారు. నూనె కాచిన నేను మాత్రం నోరు మూసుకోవాలా? నేను ఒక ఇనుప మూకుణ్ణి. నా అడుగు మందం. ఆలస్యంగా వేడెక్కుతాను, పొయ్యి ఆర్పాక కూడా చాలాసేపు చల్లారను. నా కోపం కూడా అలాంటిదే.

రైసుమిల్లులో మూలబడ్డ బాయిలర్ రేకు కోసి కమ్మరి అప్పలస్వామి నన్ను తయారుచేశాడు. చేసినంతసేపూ తమ్ముణ్ణి తిడుతూనే ఉన్నాడు. తిట్టుకొక సుత్తి దెబ్బ. నా లోపలి సొట్టలన్నీ ఆ తమ్ముడికి తగలాల్సినవి. తర్వాత ఒక మిఠాయి దుకాణంలో పదకొండేళ్ళు జంతికలు వేయించాను. దాని యజమాని ఇంట్లో నోరెత్తలేని మనిషి. ఆ కసంతా గరిటెతో నా మీద చూపించేవాడు. ఎదుటివాళ్ళతో అనాల్సింది మనుషులు పాత్రలకు చెప్పుకుంటారు. ఈ జాతి అంటే నాకు అప్పటినుంచే అసహ్యం.

దుకాణం మూతపడ్డాక పాలకొల్లులో తాయారమ్మ ఇంటికి చేరాను. ఇనుప మూకుట్లో కాస్తేనే తలనూనె గుణం ఇస్తుందని ఎవరో చెప్పగా విని నన్ను తెచ్చుకుంది. నూనె ఆమె కూతురు సుగుణ కోసం. సుగుణ పుట్టింటికి కాన్పుకి వచ్చింది, ఆడపిల్ల పుట్టింది. నాలుగో నెల రాగానే ఒక్కసారిగా జుట్టు ఊడటం మొదలైంది. దువ్వెన నిండా, దిండు నిండా, చివరికి పసిదాని పిడికిట్లో కూడా.

తాయారమ్మ గుంటగలగరాకు రసం తీసింది. ఉసిరికాయ దంచింది. మందార ఆకులు నూరింది. నువ్వుల నూనెలో అన్నీ కలిపి సన్నటి సెగ మీద పూటంతా తిప్పింది. నిజం చెప్పాలి, ఆవిడ చెయ్యి మంచిదే. అదే నాకు మరీ కోపం. అంత ఓర్పుగా నూనె తిప్పిన మనిషి కూతురికి అన్నంలోకి కారప్పొడి తప్ప ఇంకేమీ పెట్టలేదు.

పథ్యమట. పాతబియ్యం అన్నం, కరివేపాకు కారం, వెల్లుల్లి. అంతే. పప్పు తింటే పిల్లకి వాతం, ఆకుకూర తింటే విరేచనాలు. తాయారమ్మ మొదటి బిడ్డ ఇరవై ఒకటో రోజున పోయాడు. ముందురోజు ఆవిడ కందిపప్పు తింది. ఆ రెంటినీ ఆవిడే ముడేసుకుంది. ముప్పై ఏళ్ళయినా ఆ ముడి విప్పలేదు. ఆ దుఃఖాన్ని తెచ్చి కూతురి కడుపు మీద కాపలా పెట్టింది. జాలిపడమంటారా? నేను ఇనుముని.

మధ్యాహ్నాలు తాయారమ్మ నడుం వాల్చగానే సుగుణ వంటింట్లోకి వచ్చేది. తలకి పట్టించడానికి నానబెట్టిన మెంతులు గిన్నెలో ఉండేవి. వాటిని గుప్పెడు నోట్లో పోసుకుని, చేదుకి కళ్ళు మూసుకుని, గబగబా నమిలేది. గిన్నె తరుగుతోందని తాయారమ్మ ఎలుకల్ని తిట్టింది. సుగుణ కూడా వంత పాడింది. ఎమ్మే చదివిన పిల్ల. తనకి ఆకలేస్తోందన్న సంగతి తనకే చెప్పుకోదు. అలా అనుకుంటే పిల్ల మీద ప్రేమ తక్కువైనట్టని ఆమె భయం.

నూనె రాసి నెలయినా జుట్టు ఊడటం ఆగలేదు. తాయారమ్మ మళ్ళీ ఒక వాయి నూనె కాచి, అడుగున ఆకుముద్దతో సహా నన్ను పాత తువ్వాల్లో మూటగట్టి, ఆటోలో ఒళ్ళో పెట్టుకుని, కూతుర్ని వెంటేసుకుని ఆయుర్వేద డాక్టరు ఇందుమతి దగ్గరికి బయల్దేరింది.

“డాక్టరమ్మ గారూ, నూనె పాకం తప్పిందేమో చూడండి. లేకపోతే ఇంత జుట్టు ఎందుకు ఊడుద్ది?”

“మూకుడు మోసుకొచ్చారా! పొయ్యి కూడా తేవాల్సింది,” అని నవ్వింది ఇందుమతి. అడుగున మిగిలిన ఆకుముద్దని వేళ్ళ మధ్య నలిపి వత్తిలా చేసింది, అగ్గిపుల్ల గీసి అంటించింది. చిటపట లేకుండా వెలిగింది. “తడి లేదు. పాకం బ్రహ్మాండంగా కుదిరింది. నూనెకేం ఢోకా లేదు.”

తాయారమ్మ మొహం వెలిగి, వెంటనే ఆరిపోయింది. “మరి?”

“కాన్పయిన మూడు నాలుగు నెలలకి కొంత రాలడం మామూలే. దానంతట అదే తగ్గుద్ది. రక్తం ఎంతుందో పరీక్ష చేయించండి. ఏం తింటున్నావమ్మా?”

“పథ్యమేనండి. మా అమ్మ నాకూ అయిదు నెలలు...”

“నేను అమ్మాయిని అడిగాను.”

సుగుణ నా అంచు వైపు చూస్తూ, “ఆకలి ఉండట్లేదండి,” అంది. మెంతుల చేదు ఇంకా నాలుక మీద ఉండగానే.

ఇందుమతి మొహంలో నవ్వు పోయింది. “తిన్న అన్నం రసమై, రక్తమై, ఎముకదాకా చేరాక జుట్టుకి వంతు వస్తుందని మా శాస్త్రం. మొదట్లోనే మూసేస్తే చివరికేం చేరుద్ది? పెసరపప్పు, తోటకూర, పాలు పెట్టండి. పసిదానికేం కాదు.”

ఇంటికొచ్చాక తాయారమ్మ, “ఆవిడ కన్న మనిషో కాదో,” అంది. నాలో నూనె వెచ్చబెట్టి, సుగుణని గుమ్మంలో కూర్చోబెట్టి మళ్ళీ తలకి అంటింది. వేళ్ళ సందుల్లో ఒక పాయంత జుట్టు వచ్చింది. ఆవిడ దాన్ని చీరకొంగులో దాచి, “ఇవాళ తక్కువే ఊడిందే,” అంది. సుగుణ వెనక్కి తిరిగి ఆ కొంగు చూసింది. అమ్మ మొహం కూడా చూసింది. అంతకుముందు ఎప్పుడూ అంతసేపు చూడలేదు.

భోజనాల దగ్గర సుగుణ కంచంలో కారం అన్నం పడింది. తాయారమ్మ తన కంచంలో పప్పు వడ్డించుకుంది.

“అమ్మా, నాకు ఆకలేస్తోంది.”

“ఇంకొంచెం అన్నం పెట్టనా?”

“పప్పు కావాలి.”

“పిల్లకేమన్నా అయితేనో?” తాయారమ్మ చెయ్యి పప్పుగిన్నె మీద మూతలా పడింది.

నేను పొయ్యి మీదే ఉన్నాను, ఇంకా చల్లారలేదు. తల్లి వేళ్ళని సుగుణ ఒక్కొక్కటే నెమ్మదిగా పక్కకి తీసి, గరిటెడు పప్పు తన అన్నంలో పోసుకుని కలిపింది.