ఉల్లిపాయ రుద్దిన గ్లాసు

పదిహేడో గ్లాసును కాడ పట్టుకుని వెలుతురుకు ఎత్తింది. చుట్టూ తిప్పి చూసి, అందులోకి ముక్కు దూర్చి గట్టిగా పీల్చింది. ఏ వాసనా లేదు. ఆమెకు కావలసిందీ అదే. అయినా నమ్మకం కుదరక మళ్లీ పీల్చింది. అప్పుడు గానీ దాన్ని అరలో పెట్టలేదు. మూతి పైకే పెట్టింది. బోర్లిస్తే లోపలి గాలి ముక్కిపోయి, చెక్క వాసన పడుతుంది. ఈ సంగతి తెలియని వాళ్లను ఆమె అరల దగ్గరికి రానివ్వదు.

వైన్ తయారుచేసే ఆ చోట ఆమె పేరు ఎవరికీ అక్కర్లేదు. అందరికీ గ్లాసులమ్మ. ఇరవై రెండేళ్లుగా రుచి చూసే గది వెనక తొట్టి దగ్గర నిలబడి గ్లాసులు కడుగుతోంది. వేడినీళ్లకు చేతివేళ్లు ఎర్రబడి, గోళ్లు మెత్తబడి, మోచేతుల కింద చర్మం ముడతలు తేలింది. నడుం కాస్త ముందుకు వంగింది. ముక్కు మాత్రం నిటారుగానే ఉంది.

అనుమానించడమే ఆమె ఉద్యోగం. సబ్బు డబ్బా మీద వాసన లేనిదని రాసి ఉంటే, రాసినవాడు తనకేం చుట్టం కాదు కదా అంటుంది. కొత్త గుడ్డను మూడుసార్లు ఉడకబెడుతుంది. ఇంటికి వెళ్లినా ఆ బుద్ధి పోదు. కోడలు పాలు కాచి ఇస్తే ముందు వాసన చూస్తుంది.

"విషమేం కలపలేదు అత్తయ్యా, తాగండి" అని కోడలు వేళాకోళం చేస్తుంది.

"నువ్వు కలపవులే. ఆ గిన్నె సంగతే తెలియదు" అంటుంది ఈమె.

అలాంటి మనిషికి నాలుగు రోజులుగా కంటి మీద కునుకు లేదు. రుచి చూసే పెద్దాయన ఇరవై రెండేళ్లలో మొదటిసారి ఆమె గ్లాసును వెనక్కి పంపాడు. "వైన్ వాసన రావడం లేదు. లోపల సబ్బు పొర ఉంది" అన్నాడు. మర్నాడూ అదే మాట. ఆ మర్నాడూ అదే. నిన్నైతే, నాలుగో ట్యాంకు వైన్‌లో ఏ వాసనా మిగల్లేదనీ, గ్లాసులే దాన్ని చంపేస్తున్నాయనీ యజమానురాలి ముందే అన్నాడు. సాయంత్రానికి గ్లాసులు కడిగే యంత్రం ఒకటి అట్టపెట్టెలో వచ్చి గది మూలన కూర్చుంది. ఇవాళ కూడా గ్లాసు వెనక్కి వస్తే రేపు పెట్టె విప్పుతారు. గ్లాసులమ్మ ఇంటికి పోవాలి.

ముందు ల్యాబ్ అమ్మాయిని అనుమానించింది. ఆ పిల్ల సెంటు రాసుకుని వస్తుంది. కానీ అరకు తాళం వేసి చెవి కొంగున కట్టుకున్నా ఫిర్యాదు ఆగలేదు. తర్వాత నీళ్ల గొట్టాన్ని అనుమానించి, ఇంటి నుంచి నీళ్లు మోసుకొచ్చి కడిగింది. లాభం లేదు. నిన్న ఆ అట్టపెట్టె చూశాక, పెద్దాయన మీదికి మళ్లింది అనుమానం. యంత్రం అమ్మినవాడు పెద్దాయనతో చేతులు కలిపి మాట్లాడటం ఆమె కళ్లారా చూసింది. ఇక చెప్పేదేముంది!

అనుమానానికి ఇంకో ఆధారం కూడా ఉంది. వైన్‌ను ఆమె ఎన్నడూ నోట పెట్టలేదు. పీపాలు కడిగే పనిలో ఉండి, పీపా అడుగులు తాగి తాగి పోయిన మొగుడిని చూశాక ఆ ముచ్చట తీరిపోయింది. కానీ కడగబోయే ప్రతి గ్లాసు అడుగునా వాసన చూస్తుంది. ఈ చలి కొండ మీద ద్రాక్ష తొందరపడి తియ్యనవదు. పులుపును ఆఖరిదాకా పట్టుకునే ఉంటుంది. ఆ పులుపు రకాలు ఆమెకు కరతలామలకం. ఒకటో ట్యాంకుది అప్పుడే కోసిన గడ్డి వాసన, పచ్చి ఉసిరికాయ ఘాటు. రెండోది పియర్ పండు, కాస్త తేనె. నిన్న పెద్దాయన ఏమీ లేదని తోసేసిన నాలుగో ట్యాంకు గ్లాసునూ తొట్టి దగ్గర పీల్చి చూసింది. నిమ్మతొక్క గోటితో గిచ్చినట్టు గుప్పుమంది. అంత వాసన పెట్టుకుని ఏమీ లేదంటాడా? గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని నాటకమాడుతున్నాడు. సందేహమే లేదు.

పెద్దాయనకంటూ ఒక గ్లాసుంది. తన మొదటి ఉద్యోగం నాటిదట. అడుగున గాజులో ఆవగింజంత గాలిబుడగ. దాన్ని ఆమె తప్ప ఎవరూ ముట్టుకోరు. పదకొండు కావస్తుండగా తన తిండి డబ్బా తెరిచి, సగం ఉల్లిపాయ తీసి, ఆ గ్లాసు లోపలంతా రుద్దింది. రుద్దుతుంటే ఇరవై రెండేళ్ల పనికి తన చేత్తోనే మసి పూస్తున్నట్టనిపించింది. 'ఉల్లిపాయ పెట్టినా సబ్బనే అంటాడు. అందరి ముందూ దొరికిపోతాడు' అని గుండె దిటవు చేసుకుంది.

రుచి గదిలో పొడుగాటి బల్ల, తెల్లటి గుడ్డ. ఒక పక్క యజమానురాలు, పక్కనే ల్యాబ్ అమ్మాయి, ఎదురుగా పెద్దాయన. నాలుగో ట్యాంకు వైన్ లేత ఆకుపచ్చ మెరుపుతో ముగ్గురి గ్లాసుల్లోకీ దిగింది. గ్లాసులమ్మ తలుపు పక్కన నిలబడింది.

పెద్దాయన గ్లాసు తిప్పాడు. కళ్లు మూసుకుని, ముక్కు లోపలికి పెట్టి, నిదానంగా పీల్చాడు. బల్లకు ఆ చివర ల్యాబ్ అమ్మాయి అప్పటికే మొహం చిట్లించి చుట్టూ చూస్తోంది.

"ఇవాళా అంతే" అన్నాడాయన. "ఏమీ రావడం లేదు. సబ్బు."

దొరికాడు అనుకుంది గ్లాసులమ్మ. నోరు తెరవబోయి ఆయన మొహం చూసింది. నాటకమాడేవాడి మొహం కాదది. ఆయన మళ్లీ గ్లాసు ఎత్తి, ఇంకా లోతుగా, చెవిటివాడు తలుపుకు చెవి ఆనించినట్టు, ముక్కును అంచుకు అదిమి పీలుస్తున్నాడు. కింది పెదవి అదురుతోంది. అప్పుడర్థమైంది ఆమెకు. ఈయన అబద్ధమాడటం లేదు. ఈయనకు వాసనే తెలియడం లేదు.

"ఉల్లిపాయ వాసన కదూ?" అంది ల్యాబ్ అమ్మాయి. "సార్ గ్లాసులోంచే వస్తోంది."

యజమానురాలు పెద్దాయన వైపు చూసింది. ఆ చూపు ఏమడగబోతోందో గ్లాసులమ్మకు అర్థమైంది. గబగబా ముందుకొచ్చింది.

"తప్పు నాదేనమ్మగారూ. ఆ గ్లాసు నేను కడగలేదు. నాలుగు రోజులుగా ఏదీ సరిగ్గా కడగలేదు. చేతకావడం లేదు. ఆ యంత్రం పెట్టేసుకోండి."

ఇరవై రెండేళ్లలో ఆమె ఆడిన మొదటి అబద్ధమేమో అది. తన పనిని తానే తిట్టుకోవడం ఇంత కష్టమని ఆమెకు తెలియదు.

పెద్దాయన గ్లాసు కిందపెట్టాడు.

"లేదమ్మా" అన్నాడు యజమానురాలితో. "ఆవిడ గ్లాసుల్లో ఎప్పుడూ తప్పులేదు. పోయిన నెల జలుబు చేసి ఇంట్లోనే ఉండి, నాలుగు రోజుల కిందటే పనిలోకొచ్చాను. జలుబు తగ్గింది, ముక్కు మాత్రం తిరిగి రాలేదు. వాసన అందకపోతే ముందు గ్లాసును అనుమానించమనే మాకు నేర్పారు. నన్ను నేను అనుమానించుకోవడం ఎవరూ నేర్పలేదు."

గ్లాసులమ్మ వైపు వేలు చూపించాడు. "నాలుగో ట్యాంకులో ఏముందో ఆవిడని అడగండి. రోజూ గ్లాసుల అడుగులు వాసన చూడటం నేను గమనిస్తూనే ఉన్నాను."

యజమానురాలు తన గ్లాసు ఆమె చేతికిచ్చింది. గ్లాసులమ్మ అలవాటుకొద్దీ రెండుసార్లు పీల్చింది.

"నిమ్మతొక్క" అంది. "దాని వెనక పచ్చి ఆపిల్, కొరికినచోట. అడుగున... ఎండకు కాగిన గచ్చు మీద నీళ్లు చల్లితే వస్తుందే, అది. వైన్ బాగుందమ్మా. బంగారంలా ఉంది."

ల్యాబ్ అమ్మాయి ఆ మాటలన్నీ రాసుకుంది. నాలుగో ట్యాంకు వైన్‌లో లోపం లేదని తేలింది. మూలనున్న అట్టపెట్టె వచ్చిన దారినే పోతుందని చెప్పారు. అనుకున్నదంతా దక్కినా గ్లాసులమ్మకు తల ఎత్తబుద్ధి కాలేదు. తన అనుమానం మీద తనకే అసహ్యం వేసింది.

మధ్యాహ్నం పెద్దాయన కోటు వేసుకుని, తన గ్లాసుతో తొట్టి దగ్గరికొచ్చాడు.

"ఏం రుద్దావు?"

"ఉల్లిపాయ. సగం కాయ" అంది తల దించుకుని. "మిమ్మల్ని దొంగనుకున్నాను సార్. నన్ను క్షమించండి."

"నేనూ నిన్ను అనుమానించాగా. చెల్లుకు చెల్లు." గ్లాసును మరోసారి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. చాలాసేపు పీల్చాడు. "ఉల్లిపాయ కూడా తెలియలేదన్నమాట" అన్నాడు మెల్లిగా. గ్లాసును తొట్టి గట్టు మీద పెట్టాడు. "ఇది నీ దగ్గరే ఉండనీ."

ఆయన పెరటి తలుపులోంచి వెళ్లిపోయాడు. మర్నాడు రాడని ఎవరూ చెప్పలేదు, చెప్పక్కర్లేదు కూడా.

సాయంత్రందాకా ఆమె ఆ ఒక్క గ్లాసునే కడిగింది. వేడినీళ్లు, వంటసోడా, మళ్లీ వేడినీళ్లు. తుడిచి పీల్చింది. ఏమీ లేదు. నమ్మలేక మళ్లీ కడిగింది. ఏడోసారి కడిగాక కళ్లు తుడుచుకుని, దాన్ని పై అరలో, మిగతా వాటికి దూరంగా పెట్టి, దీపం ఆర్పి గదికి తాళం వేసింది.

కిటికీలోంచి వచ్చే మసక వెలుతురులో ఆ గ్లాసు, అడుగున గాలిబుడగతో, మూతి పైకే పెట్టుకుని ఖాళీగా నిలబడి ఉంది.