గురువు పేరు పెట్టిన చరణం

హనుమేష్ సారు బడికొచ్చిన ఏడాదే పిల్లలకు కొత్త పిచ్చి పట్టించాడు. పుస్తకంలో పాటలు చాలు, మీ పాటలు మీరే రాసుకోండి అన్నాడు. "యాడికో పోవద్దు. మీ ఇంట్లో ఏముండాదో అదే రాయండి. మాట మీది, వరస మీది."

తొమ్మిదో తరగతి శివజ్యోతికి ఇంకేం కావాలి? వాళ్ళమ్మ గిడ్డమ్మ మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు సుగ్గికి, అంటే వలస కూలికి, పోయింది. ఉగాదికి గానీ రాదు. ఇంట్లో మిగిలింది తాత నరసన్న, ఆయన చెక్కభజన చెక్కలు. పొయ్యి ముందు కూర్చుని ఆ పిల్ల పాట కట్టింది.

మిరప చేలో అమ్మా, నీ చేతులు మండుతుంటే
ఈడ నా కండ్లల్లో నీళ్ళు తిరుగుతాండాయి

అమ్మ ఇంటికొచ్చిన రోజు ఎదురుగా కూర్చోబెట్టి పాడాలని, తను కట్టిన పాటను అమ్మ తన నోటనే మొదట వినాలని దాని ఆశ. తాతకు మాత్రం మెల్లగా వినిపించింది.

నరసన్న తల ఊపాడు. "శానా బాగుండాది పాపా. కానీ చివర గురువు పేరేదీ?"

చెక్కభజన వాళ్ళ పద్ధతి అది. పాట కట్టినవాడు తన పేరు చెప్పుకోడు, ఆఖరి చరణంలో తనకు నేర్పినాయన పేరు చెప్పి దండం పెడతాడు. శివజ్యోతి తన గురువెవరని తడుముకోలేదు. 'హనుమేషు గురుని పలుకు వినరమ్మా' అని ముగించి, మరునాడే సారుకు పాడి వినిపించింది. మా అమ్మ వచ్చేదాకా ఎవరికీ చెప్పొద్దు సార్ అంది. సారు ఫోన్‌లో రికార్డు చేసుకున్నాడు. "నా దగ్గరే ఉంటాదిలేమ్మా."

శివరాత్రి దాటాక పక్కింటి ఓబుళేశు ఫోన్‌లో ఆ పాట మోగింది. కర్నూలులో ఏదో పోటీ అట. పట్టు పంచె కట్టుకుని, డప్పు పక్కన పెట్టుకుని సారే పాడుతున్నాడు. కింద 'రచన, గానం: హనుమేష్' అని ఉంది. శివజ్యోతి అది మళ్ళీ మళ్ళీ చదివింది.

"అది నాది కదా సార్" అంది బడిలో.

సారు నవ్వాడు. "చివర నా పేరే ఉండాది కదమ్మా. పెట్టింది నువ్వే."

ఎంత తేలిగ్గా అన్నాడు! పద్ధతి తెలియక అన్నాడా అంటే అదీ కాదు. ఆఖరి చరణంలో ఉండేది కట్టినవాడి పేరు కాదు, గురువు పేరని మొన్న క్లాసులో విడమరిచి చెప్పింది ఆయనే. తిట్టినా ఆ పిల్లకు అంత నొప్పి పుట్టేది కాదు. విషయం విన్న నరసన్న చెక్కలు గుడ్డలో చుట్టి అటక మీద పడేశాడు.

ఉగాది ముందు రోజు గిడ్డమ్మ దిగింది. మూట దించీ దించకముందే ఫోన్ తీసి ఆ పాట పెట్టింది. "చేలో అందరం ఇదే పెట్టుకుంటాంటిమి పాపా. ఎవురో మన పక్క సారంట. మన కడుపులో దూరి చూసినట్ల కట్టినాడు. విన్నప్పుడల్లా నువ్వే గుర్తొచ్చేదానివి. నీకొచ్చునా?"

"వచ్చుమ్మా."

"ఏదీ, పాడు."

నేను కట్టిందే అన్న మాట నాలుక దాకా వచ్చింది. చెప్తే అమ్మ నమ్ముతుంది. కానీ సుగ్గిలో ఇన్నాళ్ళూ అమ్మను ఓదార్చిన మనిషి దొంగ అని తేలిపోతుంది. ఆ మాట మింగేసి శివజ్యోతి పాడింది. గిడ్డమ్మ పగుళ్ళు పట్టిన చేతులు ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు తుడుచుకుంటూ విన్నది. ఆఖరి చరణం దగ్గర పిల్ల ఆగిపోయింది. గడపలో ఉన్న నరసన్న లేచి బయటికి పోయాడు.

"మర్చిపోయినావా? ఆ మహానుభావుని పేరు ఇడిసిపెడితే పాపం తగులుతాది" అంటూ గిడ్డమ్మ రెండు చేతులూ జోడించి, చరణం తనే అందుకుంది.

"హనుమేషు గురుని పలుకు వినరమ్మా..."