జ్ఞానేశ్వర్ గారూ, మళ్ళీ రండి

చేవెళ్లలో కాశీనాథ్ దుకాణానికి రెండు తలుపులు. ముందు తలుపులో ఉప్పు, పప్పు, సబ్బులు. పక్క తలుపులో చావు సామాను: తెల్లగుడ్డ, కుండ, గులాలు, పేలాలు. ఆ పక్క తలుపుకు తండ్రి నాటి నుంచీ ఒక పద్ధతి ఉంది. అక్కడ బేరం ఆడరు. కొన్నవాడు 'వస్త' అనడు, అమ్మినవాడు 'మళ్ళ రా' అనడు. చావు ఇంటికి మళ్ళీ రమ్మనే మాట పగవాడితో కూడా అనకూడదు.

ఈ సంగతి యాప్‌కు ఎవరు చెప్పాలి?

యాప్ కొడుకు సాయిదీప్ తెచ్చిపెట్టిన ముచ్చట. మొయినాబాద్ ఫామ్‌హౌసుల వాళ్ళంతా సామాను ఫోన్లోనే తెప్పించుకుంటున్నారు, మన పేరు మీద ఒకటి లేకపోతే పెద్ద కంపెనీలు మన నోట్లో మట్టి కొడతాయని పోరుపెట్టి, సిటీలో ఎవరితోనో చేయించాడు. ఊళ్ళవాళ్ళు చదవరని దానికొక గొంతు కూడా పెట్టించాడు. ఎవరైనా ఇరవై రోజులు ఏమీ కొనకపోతే చాలు, ఆ తర్వాత రోజూ పొద్దున పదింటికి గంట మోగించి, తేనె పూసిన ఆడగొంతుతో పేరుపెట్టి పిలుస్తుంది. మనిషైతే ఎదుటివాడి మొహం చూసి మాట్లాడతాడు. దానికా బాధ లేదు.

ఆలూరు మైసయ్యది ముప్పై ఏళ్ళ గిరాకీ. గిరాకీ అంటే తప్పు, కాశీనాథ్‌కు అతను దోస్తు. మైసయ్య ఒక్కగానొక్క కొడుకు జ్ఞానేశ్వర్ కూరగాయల బండి నడిపేవాడు. తల్లి అరుణమ్మ ఫోన్లో యాప్ వేసి, అందులో తన పేరు రాసిపెట్టింది అతనే. కనకమామిడి ఊరి దగ్గర లారీ గుద్ది పోయాడు. ఇరవై ఆరేళ్ళు. చావు సామానుకు వచ్చిన పాలోళ్ళను, అంటే దాయాదులను, సాయిదీప్ అలవాటు కొద్దీ ఫోన్ నంబర్ అడిగాడు. వాళ్ళు అరుణమ్మ నంబరే చెప్పారు. దాంతో ఆ సామానంతా యాప్‌లో జ్ఞానేశ్వర్ పేరు మీదే ఎక్కింది.

ఇరవై రోజులు గడిచాయి. "జ్ఞానేశ్వర్ గారూ, మిమ్మల్ని చూసి చాలా రోజులైంది. పోయినసారి తీసుకున్న సామాను మీద పది శాతం తగ్గింపు. మళ్ళీ రండి" అని పిలిచింది యాప్. మర్నాడూ పిలిచింది. ఆ మర్నాడూ.

అయిదో రోజు మైసయ్య దుకాణానికి వచ్చాడు. మెట్టు ఎక్కలేదు.

"ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే ఒకడు చుట్టకు నిప్పడిగినట్టున్నది శావుకారి నీ యవ్వారం. నెల నిండలే. సచ్చిన పోరన్ని మళ్ళ రమ్మంటున్నవ్. ఇంకెవలికి కొనాలె తెల్లగుడ్డ, మా ఇంటిదానికా? ఆమె ముద్ద ముడుతలేదు. పదైతదనంగ ఫోను ఒళ్ళె పెట్టుకొని కూసుంటున్నది. ఆమెకేమన్నయితే నీ మొకం జూడ."

కాశీనాథ్‌కు తల కొట్టేసినట్టయింది. మైసయ్య పోయాక కొడుకు మీద పడ్డాడు.

"అది ఆటోమేటిక్ డాడీ. గంట బంద్ జేస్త, అయిపాయె" అన్నాడు సాయిదీప్.

"గంట గాదు. పిల్లగాని పేరే అండ్ల ఉండొద్దు. తీసెయ్."

"తీసేస్తే మళ్ళ తేలేం. ఆ అన్న ఏమేం కొన్నడో అదంత సుత పోతది."

"పోనీ. ఇప్పుడే తీసెయ్, నా ముంగట."

తీసేశాడు. ఆ రాత్రి కాశీనాథ్ కడుపు నిండా తిన్నాడు. చేసిన తప్పు దిద్దుకున్నానని, పాపం, నిజంగానే అనుకున్నాడు. రెండు రోజులాగి, అరుణమ్మ ఎట్లా ఉందో చూసి క్షమించమని అడగడానికి ఆలూరు పోయాడు.

పదిన్నర దాటింది. మైసయ్య మొహం చూడకుండానే కుర్చీ వేశాడు. అరుణమ్మ గోడకు చేరగిలబడి ఉంది. మనిషి సగమైంది. కాశీనాథ్‌ను చూడగానే ఆదరాబాదరా లేచి, ఫోన్ తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"మంచిగొచ్చినవ్ శావుకారి. మొన్నటిసంది పిలుస్తలేదు. చార్జింగ్ ఉన్నది. ఏమైందో జర చూడు."

కాశీనాథ్ మైసయ్య వైపు చూశాడు. మైసయ్యకూ ఏమీ అర్థం కాలేదు.

"ఇంక పిలువది అరుణమ్మ. నేనే తీసేయించిన. నీకు తిప్పలు గావద్దని."

ఆమె తిట్టలేదు. గొంతు కూడా పెంచలేదు.

"నేనేడుస్తనని ఊర్లె ఎవ్వలు వాని పేరెత్తుతలేరు. ఈయన సుత ఎత్తడు. గా పిల్ల ఒక్కతే పిలుస్తుండె, రోజు, గారు పెట్టి. మా వాన్ని గారు పెట్టి పిలిచినోళ్ళు ఇంకెవలున్నరు?"

మైసయ్య తువ్వాలుతో మొహం కప్పుకున్నాడు.

"ఒకపారి అందరం కలిసి కట్టెల మీద పెట్టొచ్చినం గద" అంది అరుణమ్మ. "మళ్ళెందుకు తీసేసినవ్ శావుకారి వాన్ని?"

ఫోన్ ఇంకా కాశీనాథ్ చేతిలోనే ఉంది. దాన్ని తిరిగి తీసుకోవడానికి ఆమె చెయ్యి చాపలేదు.