పెద్దకోడలి చూపు

కథ పొట్టిది. చిన్నకోడలికి చెవి లోపల, పుర్రె అడుగున గడ్డ ఉందన్నారు, కిరణాలు పెట్టించారు, అంతే. కానీ ముందు ఆ ఇంటివాళ్ళ ఇస్త్రీ దుకాణం సంగతి చెప్పకపోతే వీధివాళ్ళు ఊరుకోరు.

దుకాణంలో ఇస్త్రీపెట్టె లేదు. పెద్దకోడలికి అసూయ పుడితే చూపు వేడెక్కేది. ఆ చూపుతోనే బట్టలు ఇస్త్రీ చేసేది. పొద్దున్నే మొగుడు బల్ల పక్కన కూర్చుని వీధి కబుర్లు చదివేవాడు. సిల్కు బట్టకి ఎదురింటావిడ కొత్త పూలకుండీ సరిపోయేది. నూలు ప్యాంటుకి మాత్రం ఎవరో ఒకరు విమానం ఎక్కాల్సిందే. ఒకసారి పక్కింటి పంతులమ్మ ప్రమోషన్ కబురు తొందరపడి చదివేస్తే, బస్సు డ్రైవరు చొక్కాకి వీపు మీద చిల్లు పడింది. మొగుడు తన చొక్కా ఇచ్చి సర్దిచెప్పాడు. ఆయన పొట్ట సంగతి అందరికీ తెలిసిందే. పాపం, డ్రైవరు నెలంతా గుడారంలో తిరిగినట్టు తిరిగాడు.

ఇక గడ్డ. చిన్నకోడలికి ఎడమ చెవిలో ఒకటే హోరు, నడిస్తే తూలుడు.

"కాన్సరు కాదమ్మా," అన్నాడు డాక్టరు. "కానీ వినికిడి నరం మీద పెరుగుతోంది. కోత అక్కర్లేదు. సుమారు రెండొందల సన్నని కిరణాలు చుట్టూ నుంచి పంపిస్తాం. విడిగా ఏ ఒక్కటీ పెద్దగా చేసేదేం లేదు, అన్నీ కలిసిన చోటే పని. గడ్డ మాయమైపోదు. ఎదగడం ఆగితే చాలు."

ఆ రోజు నుంచి ఇంటి నిండా జనం. పరామర్శలు, యాపిల్ పళ్ళు, మెత్తటి దిండు.

"పదేళ్ళుగా నాకు నడుం నొప్పి. ఒక్కరైనా ఒక్క పండు తెచ్చారా?" అంది పెద్దకోడలు. ఆ వారం కబుర్లు చదవాల్సిన పనే లేకపోయింది. మందపాటి దుప్పట్లు కూడా ఒక్క చూపుకే సాఫు.

ఆసుపత్రికి తోడు వెళ్ళాలి. చిన్నకోడలి మొగుడు సూది చూస్తే కింద పడతాడు. అత్తగారికి మోకాళ్ళు వంగవు. మిగిలింది పెద్దకోడలే.

"కిరణాలు వెంట్రుకవాసి తప్పితే మూతి వంకరపోతుందట," అంది అత్తగారు. "నీ చూపు కూడా వెళ్ళి అక్కడ కలిస్తే పిల్ల ఏమైపోవాలి? ఇదిగో, నల్లద్దాలు పెట్టుకో."

"కరిగిపోతాయి అత్తయ్యా."

"అయితే నేల చూపులు చూడు!"

ఆసుపత్రిలో చిన్నకోడలి తల కదలకుండా నాలుగు మరలతో చట్రం బిగించారు. చుట్టూ ఐదుగురు వంగారు. పెద్దకోడలు నేలనే చూస్తోంది. 'ఐదుగురు! నా పెళ్ళిలో కూడా ఇంతమంది నా మొహం చూళ్ళేదు.' కాలి చెప్పు మెత్తబడటం మొదలైంది.

"అక్కా, ఇటు చూడవూ?"

"చూడకూడదే."

"భయమేస్తోందక్కా. ఒక్కసారి."

పెద్దకోడలు తలెత్తింది. చట్రంలో ఇరుక్కున్న ఆ మొహం గుప్పెడంత ఉంది. నుదుటి మీద మర పక్కన రక్తపు చుక్క. కుళ్ళుకోవడానికి ఏమైనా ఉందేమోనని ఆవిడ అలవాటు కొద్దీ వెతికింది. ఏమీ దొరకలేదు. వెళ్ళి చెయ్యి పట్టుకుంది.

"ఇదేంటక్కా, నీ చెయ్యి ఇంత చల్లగా ఉంది?"

ముప్పావు గంటలో పని అయిపోయింది. ఆరు నెలల తరవాత స్కానింగులో గడ్డ ఎదగలేదని తేలింది. కానీ ఎడమ చెవి వినడం మానేసింది. పెద్దకోడలి చూపు మళ్ళీ వేడెక్కలేదు. మొగుడు మేడలు చదివాడు, కార్లు చదివాడు, తోటికోడలికి వచ్చిన పళ్ళ లెక్క కూడా చదివాడు. ముడత కదల్లేదు. బేరాలు జారిపోయాయి, దుకాణం మూసేద్దామన్నారు.

అప్పుడొక రోజు పెద్దకోడలు ఫోను ఎడమ చెవికీ భుజానికీ మధ్య ఇరికించి, దుప్పటి మడత పెడుతూ వాళ్ళ చెల్లెలితో పకపకా నవ్వుతోంది. చిన్నకోడలు ఆ చెవినే చూస్తూ ఉండిపోయింది. చూపు దుప్పటి మీదికి జారింది. అంచు నుంచి పొగ లేచింది.

ఇప్పుడు ఇస్త్రీ చిన్నకోడలు చేస్తుంది. పొద్దున ఎనిమిది నుంచి పన్నెండు దాకా పెద్దకోడలు బల్ల ఎదురుగా నిలబడి, ఎడమ చెవికి ఫోను పెట్టుకుని నవ్వుతూ మాట్లాడుతుంది. అవతల ఎవరూ ఉండరు.