రెప్పల మీది రాణి రంగు

నా నోరు మంచిది కాదని ఎల్లారెడ్డిలో అందరికీ తెలుసు. చెయ్యి మంచిదని కూడా తెలుసు కాబట్టి పార్లర్ నడుస్తోంది. నా పేరు గ్లోరీ. పన్నెండేళ్లుగా బస్టాండు దగ్గర విత్తనాల దుకాణం పైనే ఉంటూ, ముందు గదిలో మొహాలు దిద్దుతున్నాను. కింద రైతులు వరి విత్తనాలు అడుగుతుంటారు, వాళ్ల ఆడపిల్లలు మెట్లెక్కి వచ్చి కనుబొమలు సరిచేయమంటారు.

నాకు గులాబీ రంగంటే పిచ్చి. పెండ్లికూతుళ్ల రెప్పలకు బంగారు రంగు పూసేవాళ్లు కామారెడ్డిలో సందుకొకరు ఉన్నారు. గులాబీ పూసి మెప్పించినప్పుడే పనితనం. లేత గులాబీ ఒక్కటే పూసి వదిలేస్తే మన చామనఛాయ మీద గోడకు సున్నం కొట్టినట్టు ఉంటుంది. ముదురు రాణి రంగు ఒక్కటే పూస్తే కండ్లకలక వచ్చిందనుకొని జనం దూరం జరుగుతారు. నేను మూడు వాడతాను. రెప్ప మడత మీద ఉల్లిపొర రంగు, కంటి చివర చిటికెడు రాణి రంగు, నడుమ వేలితో అద్దిన లేత గులాబీ. చివర్లో రెప్ప వెంట్రుకల మొదట్లో సన్నటి కాటుక గీత. ఆ గీత లేకపోతే మూడు రంగులూ దండగే. ఇవన్నీ చెప్తే మా ఎదురింటి అనసూయమ్మ మూతి తిప్పేది. "ఇయ్యాల ఎన్ని గోడలకు సున్నమేసినవే?" అని రోడ్డు అవతల నుంచి అడిగేది. నేనేం తక్కువ తిన్నానా? "నీ గోడ ఒక్కటే మిగిలింది, ఎప్పుడొస్తవో జెప్పు," అనేదాన్ని.

బతుకమ్మ మూడో రోజు పొద్దున ఏడు గంటలకు ఆమే వచ్చి నా తలుపు కొట్టింది.

"తియ్యవే గ్లోరీ. ఎవ్వరు సూడకముందే తియ్యి."

పట్టుచీర కట్టుకుంది, చేతిలో సంచి ఉంది, కొంగు మాత్రం కళ్ల దాకా కప్పుకుంది. లోపలికి వచ్చి కుర్చీలో కూర్చొని కొంగు తీసింది. రెండు రెప్పలూ, ముక్కు పక్కన కొంతా, కుడి చెంప మీద ఒక చారా, అంతా రాణి రంగే.

"గునుగు పూలకు రంగద్దుతుంటే చెమట కండ్లల్ల పడ్డది. గా చేతులతోనే నలుపుకున్న," అంది. "సబ్బు వెట్టిన, కొబ్బరినూనె వెట్టిన, శెనగపిండి వెట్టిన. పోతలేదు."

గునుగు పూలను రంగులో ముంచి బతుకమ్మ పేర్చడం మా దగ్గర ప్రతి ఇంటా ఉన్నదే. ఆ రంగు వేళ్లకంటితే నాలుగు దినాలు వదలదని చిన్నపిల్లలకు కూడా తెలుసు. నవ్వకూడదు, కానీ నవ్వాను. గట్టిగానే నవ్వాను.

"నవ్వుకో," అంది ఆమె. ఎప్పుడూ మాటకు మాట అప్పజెప్పే మనిషి తల దించుకుంది. "ఇయ్యాల మనుమరాలిని తొట్టెలల ఏస్తరు. తొమ్మిదింటి బస్సుకు పోవాలె. గీ కండ్లతోని పోతే గంగామణి వదినె పిల్లను నా చేతికిస్తదా?"

అప్పుడు నా నవ్వు ఆగింది.

ఆ పిల్ల సంగతి మా వీధికంతా తెలుసు. అనసూయమ్మ కొడుకు శ్రీకాంత్‌కు కామారెడ్డిలో నౌకరి. కోడలు అనూహ్య పుట్టిల్లు కూడా అక్కడే. నెలలు నిండకముందే పుట్టింది పిల్ల. కిలోన్నర బరువు. ఇరవై రోజులు ఆసుపత్రిలో అద్దాల పెట్టెలో పెట్టారు. అనసూయమ్మ పోయి అద్దంలోంచి చూసి వచ్చింది. ఆ తర్వాత అనూహ్య తల్లి గంగామణి పిల్లను ఇంటికి తీసుకుపోయింది. ఆమె ముప్పై ఏండ్లు నర్సు పని చేసిన మనిషి. దగ్గినవాళ్లను, తుమ్మినవాళ్లను గడప దాటనియ్యదు. బరువు పెరిగేదాకా తండ్రి తప్ప ఎవ్వరూ రావద్దంది. ఆ తండ్రిగారు ఏం చేశాడు? ఎర్రటి కళ్లతో పోయి, దుమ్ము పడ్డదని అబద్ధం చెప్పి లోపలికి దూరాడు. మూడు రోజుల్లో ఇంటిల్లిపాదికీ కండ్లకలక. పిల్లకు మాత్రం రాలేదు, దేవుని దయ. దాంతో ఇంకో నెల ఆ తలుపు మూతపడింది. అలా పిల్ల ఇంటికొచ్చి రెండున్నర నెలలు గడిచాయి. నాయనమ్మ ఒక్కసారి కూడా మనుమరాలిని ముట్టుకోలేదు.

"రంగని జెప్పరాదు?" అన్నాను.

"వాడు దుమ్మని జెప్పలే? గప్పటి సంది మా ఇంటోళ్ల మాట ఎవలు నమ్ముతరే?"

మాట నిజమే. ముందు ఆమె కళ్లు చూశాను. కిటికీ దగ్గర నిలబెట్టి, రెప్ప పైకెత్తి, కిందికి లాగి చూశాను. కనుగుడ్డు తెల్లగా ఉంది. నీరు లేదు, పుసి లేదు. మరకంతా తోలు మీదే. సరే, కప్పేద్దామని ఒంటి రంగు క్రీము పూశాను. ఇల్లు అలకగానే పండగ కాదన్నట్టు, అది ఆరేసరికి అసలు సంగతి బయటపడింది. కింద రాణి రంగు, పైన క్రీము కలిసి బూడిద రంగు తేలింది. అనసూయమ్మ అద్దంలో చూసుకుంది.

"పీనుగ లెక్కున్న. పిల్ల జడుసుకుంటది," అంది.

అంతా తుడిచేశాను. మరక మరకలాగే ఉంది. ఇక ఒక్కటే దారి కనిపించింది.

"అవ్వ, దీన్ని దాస్తే దాగది. కావాలని వేసుకున్నట్టు జేస్త. రెప్పల నిండ గులాబీ రంగేస్త."

"నాకా? అరవై రెండేండ్లు నాకు. వియ్యపురాలి ఇంట్ల నలుగురు నవ్వరా?"

"నవ్వుతరు. నవ్వెటోళ్లు పిల్లను గుంజుకోరు. భయపడెటోళ్లే గుంజుకుంటరు."

సంచిని ఒళ్లోకి లాక్కుంది. జీవితమంతా తలెత్తుకొని బతికిన మనిషి. ఊళ్లో ఎవరి చీర ఎట్లా ఉంది, ఎవరి నడక ఎట్లా ఉంది అని తీర్పులు చెప్పిన మనిషి. ఇప్పుడు తానే నలుగురి నోళ్లలో పడాలి. అద్దంలోకి చూడకుండానే కళ్లు మూసుకుంది.

"వెయ్యి," అంది.

వయసు మీద పడిన రెప్పకు మెరుపు రంగు పనికిరాదు. ముడతల్లో చేరి ఒక్కో ముడతనూ లెక్కపెట్టి చూపిస్తుంది. అందుకే మెరుపు లేని ఉల్లిపొర రంగు తీసుకొని, రుద్దకుండా, కుంచెతో నొక్కి నొక్కి పెట్టాను. మరక ముదురుగా ఉన్న చోట రాణి రంగుతో అంచులు కలిపాను. నడుమ లేత గులాబీ కొద్దిగా, వేలితోనే. చెంప మీద చారను క్రీముతో, పౌడరుతో మాయం చేశాను. ఆమె ఊపిరి బిగబట్టి కూర్చుంది. "ఊపిరి తీస్కో అవ్వ, నీకేం సూది వేస్తలేను," అన్నాను. కాటుక గీశాక కళ్లు తెరిచింది.

నిజం చెప్తున్నాను, నా చేత్తో దిద్దిన పెండ్లికూతుళ్లు చాలామంది ఆమె ముందు దిగదుడుపే. పొలాల్లో ఎండకు కాగిన ఆ గోధుమ మొహం మీద గులాబీ అంత బాగా కూర్చుంటుందని నాకే తెలియదు. అనసూయమ్మ అద్దానికి దగ్గరగా జరిగింది. ఒక కన్ను మూసి చూసింది, తర్వాత రెండోది.

"నా పెండ్లికి పసుపు తప్ప ఏం వెట్టలే," అంది మెల్లగా.

తర్వాత నన్ను వదల్లేదు. రంగు చెదిరితే దిద్దాలి కాబట్టి నేనూ రావాలంది. నాకూ కామారెడ్డిలో సరుకు కొనే పని ఉంది, పెట్టె సర్దుకొని బయలుదేరాను. బస్సులో ఆమె భర్త నారాయణ పెద్దమనిషి భార్య మొహం ఒకసారి చూసి కిటికీ వైపు తిరిగాడు. మళ్లీ చూశాడు. మళ్లీ తిరిగాడు. లింగంపేట దాటాక, "మంచిగనే ఉన్నది," అన్నాడు కిటికీతో. తాడ్వాయి వచ్చేదాకా అనసూయమ్మ నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో పెట్టుకుంది.

గంగామణి చేతులు కడిగే మందు సీసా పట్టుకొని గుమ్మంలోనే నిలబడి ఉంది. ఒక్కొక్కరి చేతిలో పోస్తూ, ఒక్కొక్కరి మొహం చూస్తూ లోపలికి పంపుతోంది. అనసూయమ్మ కళ్ల దగ్గర ఆమె చూపు ఆగింది. నేను రంగుల పెట్టెను వెనక్కి దాచుకున్నాను. లోపల నుంచి ఎవరో ఆడమనిషి, "అత్తమ్మ సినిమాల గిట్ల చేరిందా ఏంది?" అంది. అందరూ నవ్వారు. అనసూయమ్మ కూడా నవ్వింది. గంగామణి నవ్వలేదు గానీ మందు పోసి పక్కకు జరిగింది.

అనూహ్య పిల్లను తెచ్చి అత్త చేతుల్లో పెట్టింది. మూరెడు పిల్ల, గుప్పెడు జుట్టు. అనసూయమ్మ పిల్ల మీదికి వంగింది. పిల్ల ఆ రెప్పల వైపే కళ్లార్పకుండా చూసింది. అంతే, ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది. ఎక్కి ఎక్కి ఏడ్చింది. కాటుక కారింది, దాని వెంట నా గులాబీలన్నీ కారాయి. నేను పెట్టె తెరిచేలోపే గంగామణి తడి గుడ్డ తెచ్చి వియ్యపురాలి కళ్లు తుడిచింది. పైరంగు పోయింది. లోపలి రాణి రంగు మిగిలింది. ఇంట్లో నవ్వులు ఆగిపోయాయి. శ్రీకాంత్ తేలు కుట్టిన దొంగలాగా గోడకు ఆనుకున్నాడు.

"గునుగు రంగు వదినె," అంది అనసూయమ్మ, పిల్లను గుండెకు దగ్గరగా తీసుకుంటూ. "వట్టి రంగే. నమ్మవని గీ ఏషమేసిన. రోగమైతే నేనెందుకొస్త?"

గంగామణి ఆమె గడ్డం పట్టి వెలుతురుకు తిప్పింది. బొటనవేలితో రెప్ప కిందికి లాగి ఒక కన్ను చూసింది, రెండోది చూసింది. తర్వాత రెండు చేతులూ చాచింది.

"ఇస్త వదినె," అంది అనసూయమ్మ. "ఒక్క నిమిషం ఆగి ఇస్త."

గంగామణి చేతులు పిల్ల వైపు పోలేదు. అనసూయమ్మ భుజాల మీద పడ్డాయి. ఆమెను మెల్లగా వెనక ఉన్న కుర్చీలో కూర్చోబెట్టాయి.

"కూసొని ఎత్తుకో," అంది గంగామణి. "నేను రెండున్నర నెలల సంది ఎత్తుకుంటనే ఉన్న."

పూలు కట్టిన తొట్టెల పక్కన పాట అందుకోవడానికి ఆడవాళ్లు నిలబడే ఉన్నారు. వేళ దాటిపోతోందని, పిల్లను తొట్టెలలో వేయాలని ఎవరో గుర్తుచేశారు.

"దాటనియ్యి," అంది గంగామణి.